సెయిని వంతు

"'మా అమ్మమ్మ మంచిది.' ఇంతేనా నువ్వు రాసింది? మా పంది కూడా మంచిదేరా ఫెలెటీ!" అంది సెయిని.

ఫెలెటీ మొహం మాడిపోయింది. సెయినికి కడుపు చల్లబడింది. పోయిన వారం తను రాసిన వ్యాసాన్ని వీడు మేకలా అరుస్తూ చదివితే క్లాసంతా పడీపడీ నవ్వింది. టీచరమ్మ పద్ధతే అది. జంటలో ఒకరు రాయాలి, రెండోవాళ్ళు ప్రశ్నలడిగి దిద్దించి, అందరికీ చదివి వినిపించాలి. మార్కు ఇద్దరికీ ఒకటే. తన మార్కు పోయినా సరే, ఇవాళ వీడి పరువు తీయాల్సిందే.

"ఏం చేసేది మీ అమ్మమ్మ?"

"మా ముగ్గురు అత్తలతో కలిసి దుంగ మీద చెట్టు బెరడు దంచి బట్ట చేసేది, పెళ్ళిళ్ళలో పరవడానికి."

"ఈ దీవిలో దంచనిదెవరు? అందులో వింతేముంది?"

"నలుగురి దెబ్బలూ ఒకదాని వెంట ఒకటి పడేవి, పాటలాగా."

"ఆవిడ పోయాక ఆ చోట్లో ఎవరు కూచున్నారు?"

ఫెలెటీ పెన్సిలు కొరికాడు. "ఎవరూ కూచోలేదు. కానీ అత్తలు, ఆవిడ దెబ్బ పడాల్సిన చోట ఇప్పటికీ కాస్త ఆగుతారు."

"అది రాసి చావు మరి!"

రాశాడు. సెయిని కాగితం లాక్కుని, మేక గొంతు సిద్ధం చేసుకుని లేచింది. మొదటి వాక్యానికి కొందరు కిసుక్కుమన్నారు. అత్తలు ఆగే వాక్యం దగ్గరికొచ్చేసరికి మేక గొంతు ఎక్కడికో పోయింది. తనకి తెలియకుండానే, ఒక్క దెబ్బ పడేంతసేపు ఆగింది. క్లాసులో ఎవరూ కదల్లేదు.

కూచుంటూ ఫెలెటీని డొక్కలో పొడిచింది.

"వచ్చే వారం నా వ్యాసం నీ చేతికొస్తుంది. ఇంతకన్నా కచ్చగా ప్రశ్నలు అడక్కపోయావో, చూడు నీ పని!"