మూడో ట్యాంకు

మంగళవారం ఉదయం పది గంటలకు ఇంధన నూనె డిపోలో మూడో ట్యాంకులోకి దిగిన మనిషి చనిపోయాడు. అతను ట్యాంకులు కడిగే పనివాడు. పైనుంచి తాడు కుదిపితే లోపలి నుంచి జవాబు రాలేదు. నడుముకు కట్టిన ఆ తాడుతోనే పైకి లాగారు. అప్పటికే ఊపిరి లేదు.

మధ్యాహ్నం అతని భార్య డిపో ఆఫీసుకు వచ్చింది. వెంట ఆమె చెల్లెలు ఉంది. చెల్లెలు ప్రయోగశాలలో సూక్ష్మజీవుల మీద పనిచేస్తుంది.

"లోపల గ్యాసు ఉండగానే మా బావను దింపారు," అంది చెల్లెలు.

"లేదమ్మా. మీటరు పెట్టి చూశాకే దిగాడు. నూనె ఆవిరి లేదు," అన్నాడు మేనేజరు.

"లేకపోతే మనిషెలా పోయాడు?"

మేనేజరు మేస్త్రి వైపు చూశాడు.

"వాసన కూడా లేదమ్మా," అన్నాడు మేస్త్రి. "మీ బావ తొంగిచూసి నవ్వాడు. 'మా మరదలి పిల్లలు గిన్నె నాకి పెట్టార్రా' అన్నాడు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెల్లెలు పెంచే సూక్ష్మజీవులకు బావ పెట్టిన పేరు 'మరదలి పిల్లలు'. అవి సబ్బులాంటి పదార్థాన్ని తయారుచేస్తాయి. దాంతో పేరుకున్న నూనె వదులై నీళ్ళలో కలుస్తుంది. కొంత నూనెను అవే తినేస్తాయి. "నీ పిల్లలకు అన్నం పెట్టావా?" అని బావ రోజూ అడిగేవాడు. "పెట్టాను. నీకంటే నయం బావా, ఉప్పు తక్కువైందని అలగరు," అనేది ఆమె.

కొన్నాళ్ళ కిందట మూడో ట్యాంకు అడుగు తుప్పు పట్టి, నూనె పక్క కాలువలోకి కారింది. గట్టు రాళ్ళకు పట్టిన జిడ్డును ఆమె తెచ్చిన సూక్ష్మజీవుల ద్రవం వదిలించింది. ట్యాంకులోని మడ్డికీ అదే పోద్దామని డిపోను ఒప్పించింది ఆమే. మడ్డి పలచబడితే పంపు లాగేస్తుంది. మనిషి పార పట్టుకుని గంటలకొద్దీ లోపల ఉండక్కర్లేదు. ఆమె తండ్రి అలాంటి పనిలోనే పోయాడు.

"ఇంక నువ్వు దిగేది చివర్లో ఒక్కసారే బావా. అడుగు ఊడ్చి వచ్చెయ్యడమే," అని ఆమె చెప్పింది. అతను ఊడవడానికే దిగాడు.

"మూత ఎప్పుడు తీశారు?" అని మేస్త్రిని అడిగింది చెల్లెలు.

"ఈ పొద్దున్నే. అప్పటిదాకా మీరు చెప్పినట్టే బిగించి ఉంచాం, వాన నీళ్ళు పడకుండా. మనిషిని తీశాక మళ్ళీ బిగించాం."

"అలాగే ఉంచండి. బయటివాళ్ళు వచ్చి కొలవాలి."

"ఎందుకమ్మా గొడవ? ప్రమాదమని రాసుకుందాం," అన్నాడు మేనేజరు. "మీ అక్కకు రావలసింది నేను దగ్గరుండి ఇప్పిస్తాను."

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒప్పుకుందామే. తవ్వితే ఆయన తిరిగొస్తాడా?"

"నాన్నప్పుడూ ఇలాగే ఒప్పుకున్నాం అక్కా. ఈసారి ఎవరు చంపారో తేలాలి."

"తేలి ఏం చేస్తావ్?"

"నీ ముందు నిలబెడతాను."

అక్క చెయ్యి వదిలేసింది. ఫిర్యాదు మీద ఇద్దరూ సంతకం చేశారు.

మర్నాడు భద్రతా శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మూత కొద్దిగా జరిపి, ట్యాంకులోకి సన్నని గొట్టం దింపాడు. అక్కచెల్లెళ్ళు పక్కనే నిలబడ్డారు.

"నూనె ఆవిరి ఎంతుంది?" అని అడిగింది చెల్లెలు.

"హద్దు లోపలే ఉందమ్మా."

"మళ్ళీ చూడండి."

మళ్ళీ చూశాడు. అంతే ఉంది.

"డిపోవాళ్ళ మీటరు తప్పు చూపలేదు. కాకపోతే అది ఆవిరిని మాత్రమే కొలుస్తుంది," అని ఇంకో మీటరు గొట్టానికి తగిలించాడు. అంకె నిలబడేదాకా ఆగాడు. తర్వాత తల ఎత్తి, "ఇందులో ఏం పోశారు?" అన్నాడు.

తను తెచ్చిన సూక్ష్మజీవుల సంగతి చెల్లెలే చెప్పింది.

"బతికున్నవేనా?"

"అవును."

ఇన్‌స్పెక్టరు మీటరును ఆమె వైపు తిప్పాడు. బయటి గాలిలో ఆక్సిజన్ నూటికి ఇరవై ఒకటి ఉంటుంది. ట్యాంకులో ఆరు ఉంది.

మిగతాది ఆమె పోసిన సూక్ష్మజీవులు పీల్చేశాయి.