ఒక సహోదరి కోసం

"నాకు తెలిసిన ఒక సహోదరి ప్రార్థన చేసుకోలేకపోతోంది. ఆమె కోసం ప్రార్థించండి," అంది టైలరమ్మ.

చర్చి వెనక గదిలో పాస్టరమ్మ నడిపే శుక్రవారం స్త్రీల కూడిక. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని ఒక్కొక్కరే తమ ప్రార్థన అంశాలు చెప్పుకుంటున్నారు. ఒకరికి మోకాళ్ల నొప్పులు. ఒకరికి కొడుకు పరీక్షలు. ఒకరికి పై వాటాలో అద్దెకున్నవాళ్లు. టైలరమ్మ మాట వినగానే కుర్చీలన్నీ ఒక్కసారిగా కిర్రుమన్నాయి.

"ఇంకా తేరుకోలేదా ఆ సహోదరి?" అంది నర్సు. "పోయిన నెలంతా ఇదే చెప్పావు కదా!"

"లేదు వదినా. మోకరిస్తుందట. నోట్లోంచి మాట రాదట. దేవుడు ఆ గదిలోంచి లేచి వెళ్లిపోయినట్టు ఉంటుందట."

"అట, అట!" అంది టీచరమ్మ. సండే స్కూలు పెత్తనం ఆమెదే. "పేరు చెబితే మేమూ వెళ్లి పలకరించి వస్తాం కదమ్మా."

"పేరు దేవుడికి తెలుసు అక్కా."

"మాకూ తెలుసులే," అంది టీచరమ్మ తనలో తాను అనుకున్నట్టు. అది అందరికీ వినిపించింది.

టైలరమ్మకి పెళ్లయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. ఉపవాసాలున్నా, డాక్టర్ల చుట్టూ తిరిగినా ఒడి నిండలేదు. ఆదివారం ఒక్కరోజు మాత్రం అది ఖాళీగా ఉండేది కాదు. సండే స్కూల్లో పసిపిల్లల క్లాసు ఆమెది. మిగిలిపోయిన గుడ్డముక్కలతో గొర్రెపిల్లలు కుట్టి తెచ్చేది. వాటి కోసం కొట్టుకుని, అలిసిపోయి, చివరికి అందరూ ఆమె ఒళ్లోకే ఎక్కేవాళ్లు. మిగతా రోజుల్లో ఆమెకి తోడు కుట్టుమిషనే.

టీచరమ్మ గొంతు సవరించుకుంది.

"చూడమ్మా, నీ బాధ అర్థం కాక కాదు. కానీ ఇంట్లో దేవుడితో ఒక్క మాట మాట్లాడలేని మనిషి ఆదివారం పసివాళ్లకి ప్రార్థన ఏం నేర్పుతుంది? విశ్వాసమంటే చర్చికి వేసుకొచ్చే బట్టలా? ఇంటికెళ్లగానే మడతపెట్టి లోపల పెట్టుకోవడానికి?"

"అక్కా, అది..."

"నువ్వు కాదా? ఆ ముక్కే చెప్పు. 'నేను కాదు' అను చాలు, క్లాసు నీదే."

అందరూ ఆమె నోటి వంకే చూశారు. టైలరమ్మ పాస్టరమ్మ వైపు చూసింది. పాస్టరమ్మ ఒళ్లో ఉన్న బైబిలు మీంచి తలెత్తలేదు.

"ఆ సహోదరి కోసం ప్రార్థించండక్కా, చాలు," అంది టైలరమ్మ.

"అమ్మగారిని చూసి నేర్చుకోవాలి మనమంతా," అంది టీచరమ్మ, పాస్టరమ్మ వైపు చెయ్యి చూపిస్తూ. "చేతికందిన కూతుర్ని మట్టిలో పెట్టి వచ్చి కూడా ఒక్క కూడిక మానలేదు. ఆవేళ సమాధి దగ్గర పాట ఎత్తుకున్నది ఎవరు? ఆవిడే. కంట్లో చుక్క నీరు లేదు. అదీ విశ్వాసమంటే!"

"స్తోత్రం," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"ఈ ఆదివారం నుంచి పసిపిల్లల్ని నర్సు చూసుకుంటుంది."

"నేనా? నన్ను చూస్తే సూది గుర్తొచ్చి గోడెక్కుతారక్కా," అంది నర్సు. అందరూ నవ్వారు. టైలరమ్మ కూడా నవ్వబోయింది.

"బుడ్డోడికి రాగానే బూట్లు విప్పేయ్ వదినా," అంది మెల్లగా. "లేకపోతే కుదురుగా కూర్చోడు. కిటికీ పక్కన కూర్చునే పాపకి పాట మధ్యలో నిద్రొస్తుంది. లేపకు."

నర్సు తలూపింది. ఆ తర్వాత ఆమెకి జోకులు తోచలేదు.

పాస్టరమ్మ లేచి వచ్చి టైలరమ్మ తల మీద చెయ్యి పెట్టింది. అందరూ కళ్లు మూసుకున్నారు.

"తండ్రీ, ఆ సహోదరిని జ్ఞాపకం చేసుకో. ఆమె నిన్ను వదిలిపెట్టలేదు. నువ్వు పలకడం లేదని అల్లాడిపోతోంది. కోపమొస్తే కోపం, ఏడుపొస్తే ఏడుపు, ఏదో ఒకటి ఆమె నోట పలికించు. ఈ మౌనం ఆమె మోయలేదు తండ్రీ. ఒక్కసారి ఆమెని పేరు పెట్టి పిలువు."

ఆమెన్ చెప్పేసరికి అందరి ముక్కులూ ఎర్రబడ్డాయి. టీచరమ్మయితే కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అమ్మగారు ప్రార్థిస్తే రాయైనా కరగాలి," అనుకుంటూ చెప్పులేసుకుని ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

టైలరమ్మ ఒక్కతే ఉండి కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి గోడవారగా పెడుతోంది. ఒక కుర్చీ జారిపోయింది.

గేటు దాకా వెళ్లిన పాస్టరమ్మ వెనక్కి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, టైలరమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"వచ్చే వారం కూడా నా కోసం అడుగు తల్లీ, నువ్వు అడిగినప్పుడు తప్ప నాకు నోరు పెగలడం లేదు."