ఎవరూ ముట్టించని దీపం

బడి మీదుగా పోతున్న విమానం చప్పుడు తగ్గేదాకా ఆగి, ఝాన్సీ టీచర్ పాఠం మళ్లీ మొదలుపెట్టింది. "పగలంతా సోలార్ ప్యానెల్ ఎండను కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటు బ్యాటరీలో నిలవ ఉంటుంది. చీకటి పడగానే లైటు దానంతటదే వెలుగుతుంది."

ఏడో తరగతి నవనీత లేచి నిలబడింది. "ఎవ్వరు ముట్టియ్యకున్నా వెలుగుతదా టీచర్?"

"ఎవరూ ముట్టించక్కర్లేదమ్మా."

"నిజంగ ఎవ్వరు రారా?"

మంచి ప్రశ్న అనుకుంది టీచర్. "ఎవరూ రారు. అంతా ఎండ మహిమే," అంది నవ్వుతూ.

నవనీత మెల్లగా కూర్చుంది.

మర్నాడు ఆ పిల్ల ఒక చిన్న సోలార్ లైటు తెచ్చి బల్ల మీద పెట్టింది. నేలలో గుచ్చే దాని కమ్మీకి ఎర్రమట్టి అంటుకుని ఉంది. ప్యానెల్ అంచున కుంకుమ బొట్టు.

"ఇదెక్కడిదమ్మా?"

"పొలంల మా అమ్మ సమాధి కాడిది టీచర్. బాపు పెట్టిండు. పొద్దుగూకంగనే అమ్మొచ్చి ముట్టిస్తదని చెప్పిండు. నేను రోజు ఇంటికాడి నుంచే చూసి దండం పెడుతుంటి." లైటును టీచర్ వైపు జరిపింది. "ఇగ బడిలనే ఉండనియ్యుండ్రి. పాఠం చెప్పనీకన్న పనికొస్తది."

ఝాన్సీ లైటును కిటికీలో ఎండ తగిలేచోట పెట్టింది.

ఆ సాయంత్రం మరిచిపోయిన సంచి కోసం ఆమె వెనక్కి వచ్చేసరికి మసకబడింది. బడిలో ఎవరూ లేరు. తాళం వేసిన తరగతి గది కిటికీలో దీపం వెలుగుతోంది.

అదెలా వెలిగిందో ఆమెకు తెలుసు. తను చెప్పిన పాఠమే.

అయినా తాళం తీసేముందు, గుమ్మం బయట చెప్పులు విడిచింది.