ఆ ఒక్క తేడా

"ఈసారి పీరు ఎత్తితే మర్యాదగా ఉండదు మామా." మేనల్లుడు భార్గవ గడపకు అడ్డంగా నిలబడ్డాడు. వెనక అతని మనుషులు, అందరి మెడల్లో ఒకే రంగు కండువాలు.

మద్దిలేటి పాగా చుట్టుకోవడం ఆపలేదు. హిందువులే అయినా, మొహర్రంకు పీరునెత్తి నిప్పుల గుండం తొక్కేది ఆ ఊర్లో వాళ్ల ఇంటివాళ్లే.

"మా తాత ఎత్తినాడు, మా నాయన ఎత్తినాడు. వద్దనేకి నువ్వెవడ్రా?"

"ఇది ఫాసిజం బావా," అంది కడపలో ఎమ్మే చదివే కూతురు హారిక.

భార్గవ నవ్వాడు. "పుస్తకం సరిగ్గా చదువు. ఫాసిజమంటే సర్కారు చేతిలో ఉండల్ల, పోలీసులు చెప్పినట్టు వినల్ల. మాది ఉత్త భక్తి."

హారిక తండ్రి వైపు తిరిగింది. "అదొక్కటే తేడా నాయనా," అంది గొంతు తగ్గించి.

"అయితే నాకేం భయం?" మద్దిలేటి మేనల్లుణ్ణి పక్కకు నెట్టి గడప దాటాడు.

వాకిట్లో జీపు ఆగింది. ఎస్సై దిగి మద్దిలేటిని ఎగాదిగా చూసి, భార్గవ వైపు తిరిగాడు.

"ఏమప్పా, ఈయప్పను స్టేషన్‌కు తీసకపోదామా, ఇంట్లోనే పెట్టి కాపలా ఉండమంటావా?"

భార్గవ జీపు వైపు తల ఊపాడు.

పాగా విప్పకుండానే జీపు వైపు నడుస్తూ మద్దిలేటి కూతురితో అన్నాడు: "ఆ ఒక్క తేడా గూడా పాయె గదమ్మా."