సగం కడుపు

“నా కడుపులో సగం కోసి మా ఆడదానికి పెట్టండి,” అన్నాడు అయ్వజ్.

డాక్టరు అతని భార్య గుల్‌నిసా వంక చూశాడు. ఆవిడ నేలచూపులు చూస్తోంది.

“అలా పెట్టొచ్చని నీకెవరు చెప్పారయ్యా?”

“ఇదే చెప్పింది. మా పక్కింటి సఫర్ వాళ్ళన్నకి కిడ్నీ ఇవ్వలా? షీరాజ్‌లో కాలేయం ముక్కలు కోసి పెడుతున్నారంట కదా. కడుపేం పాపం చేసింది?”

“రక్తం కలవాలి.”

“కలుస్తుంది. నాది బి గ్రూపు. దానిదీ బి అంట.”

ఆ మాట అంటూ అతను భయంగా డాక్టరు చేతుల వంక చూశాడు. భయం ఉండదూ మరి!

సబలాన్ కొండ కింద వాళ్ళ ఊళ్ళో కడుపు జబ్బు కొత్త కాదు. అయ్వజ్ ఇంట్లో మరీనూ. తండ్రి దాంతోనే పోయాడు. తమ్ముడు బెహ్లూల్ దాంతోనే పోయాడు. ఇద్దరిదీ బి రక్తమే. ఇద్దరూ ఆపరేషన్ బల్ల ఎక్కారు, ఏడాది తిరక్కుండా మట్టిలో కలిశారు. అప్పట్నుంచీ బి రక్తం కత్తి చూస్తే నిలవదని ఆ ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. అయ్వజ్‌కి కడుపు మండినా, రొట్టె సగంలో వదిలేసి లేచినా ఆసుపత్రి గడప తొక్కింది లేదు. బంగాళాదుంపల బస్తా ఎత్తబోయి చేలో కూలబడ్డ రోజున కూడా, “ఎండ దెబ్బలే” అన్నాడు.

ఆ చలికాలం గుల్‌నిసా కడుపు పట్టుకుంది. “పట్నం పోదాం, తోడు రావయ్యా,” అంది. తనకైతే రాడు. ఆమెకి కాబట్టి వచ్చాడు. ఆమెకి నోట్లోంచి గొట్టం వేసి కడుపు చూశారు. ఇంట్లో ఇద్దరు పోయారని చెబితే, పనిలో పనిగా అతనికీ వేశారు. తర్వాత గుల్‌నిసా ఒక్కతే వెళ్ళి రిపోర్టులు తెచ్చింది. వాకిట్లోనే చతికిలబడింది.

“క్యాన్సరంటయ్యా. నాకు.”

ఇదుగో, ఇప్పుడిలా వచ్చి కూచున్నారు.

“డాక్టరుగారూ, ఒక్క మాట. బి రక్తం వాళ్ళు బతకరా?”

“కొందరు రక్తాన్ని బట్టి ఉంటుందంటారు. కొందరు లేదంటారు. నేనూ లెక్క చూస్తున్నాను, ఇంకా తేలలేదు. తొందరగా వచ్చినవాళ్ళు మాత్రం బతుకుతున్నారు.”

“మేం తొందరగానే వచ్చామా?”

“వచ్చారు,” అన్నాడు డాక్టరు. గుల్‌నిసా ముసుగు కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆపరేషన్ నాడు పొద్దున్నే అయ్వజ్‌ని బల్ల మీదికి ఎక్కించారు. అతని కాళ్ళ దగ్గర బెహ్లూల్ నిలబడి ఉన్నాడు. పోయిననాటి చొక్కాయే. అలాగే కడుపు మీద చెయ్యి.

“వదిన జోలికి పోకురా,” అన్నాడు అయ్వజ్. “దాన్ని వదిలెయ్యి. నీకు దండం పెడతా.”

బెహ్లూల్ అతన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఆడవాళ్ళ వార్డు వేరు, మగవాళ్ళ వార్డు వేరు. గుల్‌నిసా ఎలా ఉందని అయ్వజ్ వచ్చినవాళ్ళనల్లా అడిగాడు. బాగుంది, బాగుంది అన్నారు. ఒక సాయంత్రం ఆమే గోడ పట్టుకుని, కడుపు మీద చెయ్యి వేసుకుని మెల్లిగా నడుచుకుంటూ వచ్చింది.

“ఎలా ఉందే?”

“ఏముంది, నీ ముక్క కదా! లోపలికొచ్చిన దగ్గర్నుంచీ టీ, టీ అని ఒకటే గోల.”

అయ్వజ్ నవ్వబోయి, కుట్లు లాగి, మంచంపట్టె పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక సగం కడుపుకి సరిపడా చిన్న గిన్నెల్లో తినమన్నారు. ఇద్దరూ అలాగే తిన్నారు. పెళ్ళిళ్ళలో కబాబులు పొగలు కక్కుతుంటే రెండు ముక్కలు నోట్లో వేసుకుని లేచేవాళ్ళు. “పిచ్చుకల జంట వచ్చిందర్రోయ్,” అని ఊరు ఎగతాళి చేసేది. గుల్‌నిసా నడుముకి ఎప్పుడూ శాలువా చుట్టుకునే ఉండేది. కుట్లు చూపించమంటే, “వద్దయ్యా, జడుసుకుంటావు,” అనేది. అయ్వజ్ జడుపు మనిషే. రెట్టించలేదు.

బెహ్లూల్ మాత్రం రావడం మానలేదు. భోజనాల గుడ్డ పరిస్తే చాలు, ఎదురుగా వచ్చి కూచునేవాడు. అయ్వజ్ లేచి భార్యకు అడ్డంగా కూచునేవాడు. ఆ చూపు ఆమె మీద పడకూడదని. ఎటు జరిగినా ఆ చూపు ఇతన్నే అంటిపెట్టుకుని తిరిగేది.

ఏటా వసంతంలో ఆసుపత్రికి వెళ్ళేవారు. ఇద్దరికీ పరీక్షలు. తొమ్మిదో ఏడు డాక్టరు కళ్ళజోడు తీసి, “బి గ్రూపు. ఇన్నేళ్ళు! నా లెక్కలో ఇంతకాలం నిలిచినవాళ్ళు తక్కువ,” అన్నాడు.

“చూశావా నా ముక్క సత్తా!” అని అయ్వజ్ భార్య వీపు చరిచాడు. ఆమె నవ్వుతూ ఏడ్చింది.

మరుసటి చలికాలంలో గుల్‌నిసా పోయింది. పాత జబ్బు తిరగబెట్టలేదన్నారు. ఒంట్లో రక్తం చాల్లేదు, తిండి చాలక గుండె అలిసిపోయిందన్నారు. పొయ్యిలో పెట్టే పుల్లల్లా ఉన్నాయి చేతులు.

శవానికి స్నానం చేయించే సకీనే వచ్చింది. అయ్వజ్ ఆమెను గుమ్మంలో ఆపాడు.

“నెమ్మదమ్మా. కడుపు మీద పాత కుట్లుంటాయి. అక్కడ గట్టిగా రుద్దకు.”

“అలాగే అన్నా.”

తలుపు పడింది. లోపల నీళ్ళ చప్పుడు. గోడ వారగా బెహ్లూల్ నిలబడి ఉన్నాడు. ఆమె పోయింది కదా, వీడింకా ఎవరికోసం వచ్చినట్టు? అయ్వజ్‌కి అర్థం కాలేదు.

కాసేపటికి సకీనే తడి చేతులతో బయటికొచ్చింది.

“నువ్వు చెప్పిన కుట్లేవి అన్నా? వదిన కడుపు మీద గోటి గీతైనా లేదే!”