రెండు సీట్ల కారు

పసుపుపచ్చ కారు మలుపు తిరగగానే మిచెల్స్ ప్లెయిన్ పేటలోని ఆ వీధి వీధంతా బయటికి వచ్చేసింది.

బెర్నిస్ కూతురు చార్నే ఆ సాయంత్రం మ్యాట్రిక్ బాల్‌కి వెళ్తోంది. స్కూలు చదువు ముగించుకున్న పిల్లలు జంటలు జంటలుగా, దొరల్లా ముస్తాబై వెళ్లే విందు అది. ఆ ఇంట్లో అంతదాకా చదివిన మొదటి పిల్ల చార్నే. చేపల ఫ్యాక్టరీకి సెలవు పెట్టి మరీ బెర్నిస్ తన చేతులతో నీలం గౌనుకి పూసలు కుట్టింది.

హెండ్రిక్స్ అనే వ్యాపారి ఏటా ఈ వేడుకకి తన స్పోర్ట్స్ కారు ఉచితంగా పంపిస్తాడు. ఈసారి ఆ అదృష్టం చార్నేకి పట్టింది.

కారులోంచి నెరిసిన జుట్టు మనిషి దిగాడు. పేరు డెస్మండ్ అని చెప్పాడు.

చిక్కల్లా ఒకటే. కారులో సీట్లు రెండే.

"అమ్మాయి నాతో వస్తుంది. అబ్బాయి వెనక ఇంకో కారులో రావాలి" అన్నాడు డెస్మండ్.

చార్నే జోడీ లెరాయ్ ముఖం మాడ్చుకున్నాడు.

"అంటే నా జోడీ మీ పక్కన దిగుతుంది, నేను మా మామయ్య డొక్కు కారులోంచి దిగుతాను. బాగుంది అంకుల్."

వీధి గొల్లుమంది.

"నేను నడుపుతాను. నాకు లైసెన్సు ఉంది" అన్నాడు లెరాయ్.

"వచ్చి ఎన్నాళ్లయింది?"

"మూడు వారాలు."

"ఇది అయిదు వందల హార్స్‌పవర్ బండి, బాబూ. కాలు కాస్త గట్టిగా ఆనిస్తే చాలు, వెనక చక్రాలు వాటి దారిన అవి పోతాయి."

"నేనేం చిన్నపిల్లాణ్ణి కాదు."

"చిన్నపిల్లలతో నాకు భయం లేదు. వాళ్లు తాళం అడగరు."

ఎదురింటి గ్లోరియా ఆంటీ గోడ మీంచి అందుకుంది. "జీతానికి కారు తోలేవాడికి ఎంత దర్పమో చూడండర్రా. తాతగారి ఆస్తి కాబోలు."

డెస్మండ్ నొచ్చుకోలేదు. "హాలు దగ్గర నేను దిగిపోతాను. ఇంజన్ ఆపేశాక అబ్బాయి నా సీట్లో కూర్చుని కావలసినన్ని ఫోటోలు దిగొచ్చు" అన్నాడు.

"ఆగిన కారులో కూర్చోవాలా? రేపు నా మొహం ఎవరికి చూపించను?" అన్నాడు లెరాయ్.

చార్నే కళ్లు నిండాయి. గంటసేపు దిద్దిన కాటుక కారడానికి సిద్ధంగా ఉంది.

"మమ్మీ, నువ్వు చెప్పు ఆయనకి."

పాపం బెర్నిస్. పదిహేడేళ్లుగా ఆ పిల్లకి కాదు, లేదు అని చెప్పీ చెప్పీ విసిగిపోయి ఉంది. ఈ ఒక్క సాయంత్రం ఆ మాట అనాలనిపించలేదు.

"తాళం ఇటివ్వండి. పిల్లకేమైనా అయితే పూచీ నాది" అంది.

"పూచీ అంటే ఏమిటో మీకు తెలీదమ్మా. తెలియకుండా ఉంటేనే మంచిది."

బెర్నిస్‌కి ఒళ్లు మండింది. "నా కూతురి సంగతి నాకు మీరు చెప్పాలా?"

చెయ్యి చాపి ఆయన గుప్పిట్లోంచి తాళం లాక్కుని లెరాయ్‌కి ఇచ్చింది. పిల్లలిద్దరూ కారెక్కారు. వీధి చప్పట్లు కొట్టింది.

ఆయన ఆమెతో పోట్లాడలేదు. కారు కిటికీలోకి వంగి "మెల్లగా, బాబూ. నీకు దణ్ణం పెడతాను" అన్నాడు. తరవాత కారుకి ముందు నడుస్తూ, రోడ్డు వారగా ఎగబడిన పిల్లల్ని వెనక్కి తోయడం మొదలుపెట్టాడు.

"ఊరేగింపు పెద్ద వచ్చాడు" అని ఎవరో అంటే మళ్లీ నవ్వారు.

"ఓసారి ఇంజన్ గట్టిగా మోగించు, లెరాయ్" అని అరిచారు ఇంకెవరో. సెల్‌ఫోన్లన్నీ పైకి లేచాయి.

లెరాయ్ కాలు గట్టిగా ఆనించాడు.

కారు వెనక భాగం ఒక్కసారిగా పక్కకి జారింది. బెదిరిపోయి వాడు స్టీరింగ్ రెండో వైపుకి తిప్పేశాడు. కారు రోడ్డు పక్క గట్టు ఎక్కి గ్లోరియా గోడ వైపు, పిల్లలున్న వైపు దూసుకుపోయింది.

పిల్లలు చెల్లాచెదురుగా పడ్డారు. డెస్మండ్ తోసేసిన చోట, కారుకి అందకుండా పడ్డారు. గోడకీ కారుకీ మధ్య ఒక్క డెస్మండే మిగిలాడు.

"అమ్మాయి?" అన్నాడు, బెర్నిస్ పరుగెత్తుకొచ్చి ఆయన తల ఒళ్లోకి తీసుకున్నప్పుడు.

"బాగుంది. ఏమీ కాలేదు. ఇద్దరూ బాగున్నారు."

"చూపించండి."

చార్నే కారు దిగి వచ్చి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన ఆ పిల్లని కళ్లార్పకుండా చూశాడు. అంబులెన్సు వచ్చేసరికి కూడా అలాగే చూస్తున్నాడు. కానీ ప్రాణం లేదు.

చీకటి పడకముందే హెండ్రిక్స్ వచ్చాడు. కారు వంక కన్నెత్తి చూడలేదు. దుప్పటి కప్పిన మనిషి పక్కన కూలబడిపోయాడు.

"తాళం నేనే లాక్కున్నాను. మీ డ్రైవర్ని నేనే చంపేశాను" అంది బెర్నిస్. "ఆయన ఇంట్లో ఎవరున్నారు? నేనే వెళ్లి చెబుతాను."

"మా అమ్మకి చెప్పాలి. ఆవిడకి కొడుకులా మా ఇంట్లోనే ఉంటాడు" అన్నాడు హెండ్రిక్స్. "డ్రైవర్ కాదమ్మా. ముప్పయ్యేళ్ల కిందట మా అక్క మ్యాట్రిక్ బాల్‌కి వెళ్తూ, స్పోర్ట్స్ కారు గోడకి గుద్దుకుని దారిలోనే పోయింది. ఆ రోజు కారు నడిపిన కుర్రాడు ఇతనే."