పశువుల డాక్టరు చొక్కా

"వాసన చూడండి. ఫరవాలేదు, దగ్గరికొచ్చి చూడండి."

లాండ్రీ యజమానురాలు ఆ చొక్కాని రెండు వేళ్ళతో కాలరు పట్టుకుని ఎత్తింది. కౌంటరుకి ఇవతలున్న టీచరు చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కుర్చీని రెండుసార్లు తుడిచిగానీ కూర్చోని మనిషి ఆవిడ.

"ఈ పచ్చది పేడ. ఇది చీము. ఈ జిగురంతా ఏమిటనుకున్నారు? ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే చెయ్యి లోపలికి పెట్టి దూడని లాగాడట. ఈ అవతారంతోనే బస్సెక్కి వచ్చాడు. పక్క సీట్లో ఒక్కరైనా కూర్చుంటే ఒట్టు."

టీచరు గుటక మింగింది. "డాక్టరుగారి అమ్మగారే మిమ్మల్ని అడిగి కనుక్కోమన్నారండీ. వాళ్ళబ్బాయికి నా సంబంధం చూస్తున్నారుగా. 'మావాడి సంగతి నాకంటే వాడి ఫ్రెండుకే బాగా తెలుసు, లాండ్రీకి వెళ్ళి అడుగు' అన్నారు."

"ఆవిడకెలా ఉంది?"

"గుండె ఆపరేషనయ్యాక ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నారు. మంచిదైనా చెడ్డదైనా పెద్ద వార్త ఏదీ ఒక్కసారిగా చెప్పొద్దన్నారట డాక్టర్లు. కోడలు, కోడలు అని ఒకటే కలవరింత, పాపం."

లాండ్రీ ఆమె చొక్కాని బకెట్లో పడేసి చేతులు కడుక్కుంది. వాసన చూసుకుని, మొహం చిట్లించి, మళ్ళీ సబ్బు రుద్దుకుంది.

"అయితే వినండి. నేనేదీ దాచను. వాడి పక్కన కూర్చుని ఏమీ తినలేం. సరిగ్గా మనం నోరు తెరిచే వేళకి కుక్క చెవిలోంచి తీసిన పురుగుల కథ ఎత్తుకుంటాడు. ఎంత పొడుగున్నాయో చూపించడానికి నా ప్లేట్లోంచే ఒకటి తీసి పట్టుకుంటాడు."

"ఏం తీసి?"

"నూడుల్సు."

టీచరు కళ్ళు గట్టిగా మూసుకుంది.

"సోఫాలో కూర్చుని కాలిగోళ్ళు కత్తిరిస్తాడు. అవి ఎటెగిరి పడినా వాడికి పట్టదు. ఓసారి నా టీకప్పులో తేలింది."

"ఛీ!"

"నేనూ అదే అన్నాను. వాడి మేజోళ్ళు గోడకేసి కొడితే అతుక్కుంటాయి. నవ్వకండి, కొట్టి చూశాను."

"గురక పెడతారా?"

ఇంకో చొక్కా చేతుల మీద ఆమె నడుపుతున్న ఇస్త్రీపెట్టె ఆగింది. "ఆ సంగతి నన్నడిగితే ఎలాగండీ?"

టీచరు కాస్త తటపటాయించింది. "ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతాను. చదువుకునే రోజుల నుంచీ స్నేహం కదా. మీ ఇద్దరి మధ్యా ఎప్పుడైనా..."

"వాడితోనా? యాక్!" ఆమె రెండు చేతులూ దులుపుకుంది. "ఆ చేతులు చూశారా మీరు? పొద్దుట్నుంచి ఎక్కడెక్కడ దూరి వస్తాయో తెలిస్తే షేక్‌హ్యాండు కూడా ఇవ్వరు."

"మరి ఇన్నేళ్ళూ ఎలా భరించారండీ?"

ఎగతాళిగా ఏదో అనబోయి ఆగిపోయింది లాండ్రీ ఆమె. ఇస్త్రీపెట్టెని పక్కన నిలబెట్టింది.

"కిందటేడు నాకు విషజ్వరం వచ్చింది. చూడ్డానికొచ్చాడు. లేచి కూర్చోబోతే కడుపులో ఒక్కసారిగా తిప్పేసింది. బేసిను ఎక్కడో ఉంది. వీడు గబుక్కున దోసిలి పట్టాడు."

"దోసిలా?"

"దోసిలే. అంతా అందులోనే కక్కాను. దుప్పటి మీద చుక్క పడలేదు. 'పడితే ఉతుక్కునేది నువ్వేగా' అన్నాడు. ఆ మొహంలో ఏవగింపు కోసం వెతికానండీ, ఇసుమంతైనా లేదు. వెళ్ళి చేతులు కడుక్కొచ్చి నా నుదుటి మీద పెట్టి చూశాడు. ఆ రోజు వరకూ ఆ చెయ్యి తగిలితే నేను దులిపేసుకునేదాన్ని. ఆ రోజు మాత్రం..."

చటుక్కున ఇస్త్రీపెట్టె అందుకుని, "అదీ రోతే కదండీ! మనిషన్నవాడు చేసే పనేనా?" అంది.

టీచరు చేతిరుమాలు మడిచి బ్యాగులో పెట్టేసుకుంది.

"నాకు ఒంట్లో బాగాలేకపోతే మా ఇంట్లో వాళ్ళు గుమ్మం అవతలి నుంచే పలకరిస్తారండీ. తప్పు వాళ్ళది కాదు. నా శుభ్రం చూసి భయపడి అలా అలవాటు పడిపోయారు," అంది నెమ్మదిగా. "గోళ్ళూ మేజోళ్ళూ ఎలాగోలా మాన్పించవచ్చు. అలా దోసిలి పట్టడం ఎవరికైనా నేర్పించగలమా? వాళ్ళమ్మగారికి చెప్పేస్తాను, నాకిష్టమేనని."

"అయ్యో, ఆగండి! అసలువి ఇంకా చెప్పనేలేదు. తువ్వాలు నెలల తరబడి ఉతకనివ్వడు. దువ్వెన చూస్తే మీకు..."

"చాలండీ. నేను వినాల్సింది విన్నాను."

టీచరు నవ్వుతూ గుమ్మం దాకా వెళ్ళింది. లాండ్రీ ఆమె కౌంటరు చుట్టూ తిరిగి పరుగున వచ్చి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కుదరదండీ!"

"ఎందుకు కుదరదు?"

ఆమె ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"వాళ్ళమ్మగారి గుండెకి భయపడి ఇంకా చెప్పలేదుగానీ, వాడు నా మొగుడండీ."